చీడికాడ ఆయన ఎత్తులు

చోడవరం మెయిన్‌రోడ్డులో నాకు మోటారుసైకిల్ సామాన్ల కొట్టు ఉంది. క్లచ్ ప్లేటు గానీ బేరింగు గానీ నా చేతిలో పెట్టండి, కంపెనీదో డూప్లికేటో అట్టపెట్టె చూడకుండా చెప్తాను. డూప్లికేటు సరుకు అసలు సరుకుకంటే బాగుంటుంది. మెరుపు కాస్త ఎక్కువ, ఎక్కడా గీత ఉండదు. అక్కడే నాకు దొరికిపోతుంది.

చదరంగంలోనూ అంతే. కొట్లో బేరం లేనప్పుడు ఫోన్లో ఆడుతుంటాను. అవతలివాడి మొహం కనపడదు. పక్కన ఇంకో ఫోను పెట్టుకుని, అందులో మిషను చెప్పిన ఎత్తు చూసి ఇందులో వేసేవాళ్ళు బోలెడుమంది. మొహం కనపడకపోయినా వాళ్ళని పట్టుకోవచ్చు. ఆట అయ్యాక ఏ ఎత్తుకి ఎవరు ఎంతసేపు తీసుకున్నారో యాప్ చూపిస్తుంది. మనిషైతే సులువైన ఎత్తు చటుక్కున వేసేస్తాడు, చిక్కు వచ్చినచోట గోళ్ళు కొరుక్కుంటాడు. మిషను చూసి ఆడేవాడికి సులువూ కష్టమూ ఒకటే, అన్నిటికీ ఒకే తీరు ఆలస్యం. అలాంటివాళ్ళ మీద ఫిర్యాదు పెడతాను. ఫలానావాడిని తీసేశామని యాప్ నుంచి కబురొచ్చిన రోజు ఇంట్లో ఒక ముద్ద ఎక్కువే తింటాను.

ఈమధ్య మా చుట్టుపక్కల చర్చిల పురుషుల సహవాసం వాళ్ళు ఫోన్లో చదరంగం పోటీ పెట్టారు. రూలు ఒకటే. పక్కవాళ్ళ సలహా గానీ మిషను సాయం గానీ తీసుకోకూడదు. సంఘం పోటీలో దొంగాట ఎవరాడతారులే అన్నారు మా పాస్టరు అయ్యగారు. అయ్యగారు మంచివారు. మంచివారికే డూప్లికేటు సరుకు అంటగడతారు.

నేను ఫైనలుకి వచ్చేశాను. నాతో ఆడేదెవరో తేలడానికి ఇంకో ఆట ఉంది, చీడికాడ సంఘంలో పెద్ద ఒకాయనకీ బుచ్చయ్యపేట మాస్టారికీ మధ్య. చీడికాడ ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆయన గెలిచిన ఆటలన్నీ తీసి చూశాను. చూసేకొద్దీ నాకు ఒళ్ళు మండింది. ఎదురుగా ఉన్న గుర్రాన్ని ఊరికే తీసేసుకోవడానికి ఎంతసేపో, నాకే తల తిరిగే ఎత్తుకీ అంతసేపే. అంతా ఒకే తీరు. మెరుపెక్కువ సరుకు.

"సంఘం పెద్దంట. మిషను సూసి ఆడతన్నాడు," అన్నాను మా ఆవిడతో. అప్పటికి నేను ఏదో ఆట మధ్యలో ఉన్నాను, తల ఎత్తకుండానే నీళ్ళు అడిగితే ఆమె తెచ్చి ఇస్తోంది.

"మరి ఆదివారం బల్ల ఉంది కదా. అది మనసులో ఎట్టుకుని రొట్టె ఎలా తీసుకుంటారు?" అంది.

నెల మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల. సాటివాడి మీద మనసులో ఏదైనా ఉంటే, తేల్చుకోకుండా ఆ రొట్టె ముట్టకూడదు. తేల్చుకోవడానికీ ఒక వరస ఉంది. ముందు నలుగురిలో అనకూడదు. అతని గుమ్మంలోకి వెళ్ళి, ఒంటరిగా, అతనితోనే మాట్లాడాలి. నా మాట నిజమైతే ఆయన పెద్దరికం పోతుంది. అబద్ధమైతే నలుగురిలో నా మొహం చెల్లదు. అబద్ధమయ్యే ప్రసక్తి లేదనుకోండి. అందుకే వెళ్తానన్నాను. ఒంటరిగా వెళ్ళమన్నారు గానీ ఏ వేళకి వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు కదా. శనివారం మధ్యాహ్నం ఆయనకి మాస్టారితో ఆట. సరిగ్గా ఆ వేళకే, రెండో ఫోనుతో సహా పట్టుకుందామని బండి తీశాను.

చీడికాడలో వాళ్ళిల్లు ఊరి చివర, కొండని ఆనుకుని ఉంది. గేటు తీస్తుంటే వరండాలో మంచం మీద ఆయన కనిపించారు. కుడికాలికి మోకాలి పైదాకా పిండికట్టు. ముందు స్టూలు మీద కొయ్య చదరంగం. రెండో ఫోను కాదు కదా, మొదటి ఫోను కూడా ఆయన దగ్గర లేదు.

వందనాలు చెప్పబోతుంటే, వరండా పక్క మేడమెట్లు దిగి వస్తున్న వాళ్ళావిడ నోటిమీద వేలు పెట్టింది.

"ఆట నడస్తంది తమ్ముడూ. అయ్యేదాకా పక్కనోళ్ళు మాటాడకూడదంట. ఆ కుర్సీలో కూకోండి," అని మెల్లిగా చెప్పి, బోర్డు మీద నల్ల ఏనుగుని తన చేత్తోనే జరిపింది. "ఇక్కడున్నది ఇక్కడికొచ్చింది."

ఆయన చూసి, "గుర్రాన్ని ఇక్కడెట్టు," అన్నారు. ఆమె మళ్ళీ మెట్లెక్కింది. మెట్లు మలుపు తిరిగేచోట గోడ మీద ఫోను పెట్టి ఉంది. అందులో గుర్రాన్ని జరిపి, మాస్టారు ఎత్తు వేసేదాకా అక్కడే నిలబడి, అది చూసుకుని దిగి వచ్చింది.

కొండ అడ్డం వల్ల ఆ ఇంట్లో సిగ్నలు ఆ మలుపు దగ్గరే అందుతుందని అర్థమైంది. చెరుకు ట్రాక్టరు దిగుతూ పడి కాలు విరగ్గొట్టుకున్న మనిషి అక్కడిదాకా ఎక్కలేరు. పై నుంచి కేకేస్తే సరిపోదా అంటారా, మొదటి ఆటకి అలాగే చేశారట. కేకలు విని వీధిలో నలుగురూ గోడ దగ్గర చేరి తలో ఎత్తూ చెప్పడం మొదలుపెట్టారట. పక్కవాళ్ళ సలహా రూలుకి విరుద్ధం కాబట్టి అప్పటినుంచి కేకలు మానేసి, ఆమె దిగి వచ్చి చెబుతోంది. ఇవన్నీ తర్వాత చెప్పారు.

అదీ సంగతి, ఆలస్యం మెట్లదన్నమాట అనుకుని కుర్చీలో వెనక్కి వాలాను. అంతలో నా అనుమానం మళ్ళీ లేచి కూర్చుంది.

మాస్టారి ఏనుగు వచ్చి ఈయన శకటుని కొట్టింది. పక్కనే బంటు కాచుకుని ఉంది, ఆ బంటుతో ఏనుగుని తీసేసుకోవాలి. నిన్న ఆట నేర్చుకున్నవాడైనా అదే చేస్తాడు. ఆమె దిగి వచ్చేసింది, బోర్డు మీద జరిపేసింది కూడా. ఈయన పలకరు. నా చెయ్యి దురదపెడుతోంది, నోరు తెరవకూడదు. ఇప్పుడీ ఆలస్యం దేనికి?

ఆయన మొహంలోకి చూశాను. ఆయన చూపు బోర్డు మీద లేదు. వాళ్ళావిడ కింది మెట్టు మీద కూర్చుని పైటకొంగుతో మెడ తుడుచుకుంటోంది. ఆయన ఆమెని చూస్తున్నారు. ఆమె చెంబుతో నీళ్ళు తాగింది, మోకాలి మీద చెయ్యి ఆనించి తనంతట తనే లేచింది. అప్పుడు అన్నారాయన, "బంటుతో ఆ ఏనుగుని తీసెయ్," అని.

అక్కణ్ణుంచి నేను బోర్డు చూడడం మానేసి ఆమెనే చూశాను. ప్రతిసారీ అంతే. ఆమె కూర్చున్నంతసేపూ ఆయన నోరు విప్పలేదు. యాప్‌లో ఆయన గడియారం మాత్రం తిరుగుతూనే ఉంది.

చివరికి ఆమె మలుపు దగ్గరనుంచి వట్టి చేతులు ఊపింది. "టైం అయిపోయిందంట. మాస్టారే గెలిసేరంట."

బోర్డు చూస్తే ఇంకో రెండు ఎత్తుల్లో మాస్టారి రాజు చిక్కిపోతాడు.

"పోన్లే, వచ్చి కూకో," అన్నారాయన ఆమెతో. తర్వాత నా వైపు తిరిగి, "ఏటి పని మీద వచ్చేరు తమ్ముడూ?" అని అడిగారు.

అడగడానికి వచ్చినవాణ్ణి అడిగి తీరాలి. "మీరు మిషను సూసి ఆడతన్నారని అనుమానమొచ్చింది అన్నయ్యా. రేపు బల్ల కదా, మిమ్మల్నే అడిగేద్దామని వచ్చేను," అన్నాను.

ఆయన ఏదో అనేలోపు వాళ్ళావిడ అందుకుంది. "మిషనా? ఆ మిషను నానే. గుర్రం ఎలాగ దూకుతాదో కూడా ఈ పోటీలోనే తెలిసింది నాకు," అంది, చాలా గర్వంగా.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను గానీ, మనసులోది మొత్తం అడగాలి కదా. "మరి ఆ ఏనుగుని తీసుకోడానికి అంతసేపేటి అన్నయ్యా? ఆట పోయింది కదా అక్కడే."

"నాను సెప్పేనంటే అది లేసి ఎక్కేస్తాది తమ్ముడూ. కూకోమంటే వినదు," అన్నారు.

ఆమె టీ తెచ్చి తనూ ఒక గ్లాసు పట్టుకుని మంచం పట్టె మీద కూర్చుంది. మేమిద్దరం ఆ కొయ్యబోర్డు మీదే ఒక ఆట వేసుకున్నాం. నేను ఆయన గుర్రాన్ని కొట్టడం ఆలస్యం, టీ గ్లాసు దించకుండానే నా గుర్రాన్ని లాగేశారు. చిక్కొచ్చినచోట మాత్రం మీసం మెలిపెట్టుకుంటూ కూర్చున్నారు. నేను చెప్పలేదూ, మనిషి ఆట అలాగే ఉంటుంది. ఆ ఆట ఓడిపోయాను గానీ నా పద్ధతి ఓడిపోలేదు. తర్వాత ఫైనల్లో మాస్టారిని ఓడించి కప్పు కూడా తెచ్చుకున్నాను. ఆ కప్పు నాది కావలసింది కాదని నాకు తెలుసు, చీడికాడ ఆయనకీ తెలుసు, ఆయన మాత్రం ఫోను చేసి మెచ్చుకున్నారు.

ఆ శనివారం సాయంత్రం చీడికాడ నుంచి ఇంటికొచ్చి జరిగిందంతా మా ఆవిడకి చెప్పాను. కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది.

"అయితే రేపు బల్లకి వస్తారు కదా?"

"తేలిపోయింది కదా, ఎందుకు రాను," అని ఫోను తీసి ఎవరితోనో ఆట మొదలుపెట్టాను. ఆట మంచి పట్టుమీద ఉండగా బ్యాటరీ అయిపోవచ్చింది. "ఏమే, సార్జరు," అనడం నాకు అలవాటు. నోటిదాకా వచ్చింది. ఆమె ఒళ్ళో చేటనిండా చిక్కుడుకాయలు.

ఫోను కుర్చీలో పెట్టి లేచాను. చార్జరు ఎక్కడుంటుందో నాకు తెలీదని అప్పుడు తెలిసింది. వెతుక్కుంటూ పడగ్గదిలోకి, వంటింట్లోకి తిరుగుతుంటే ఆమె తలెత్తి చూసింది.

"అప్పుడే ఓడిపోయేరేటి?"

"లేదు, నడస్తంది. నువ్వు కూకో," అన్నాను.

అప్పుడు నేను వేయవలసింది చాలా సులువైన ఎత్తు, ఎదురుగా ఉన్న శకటుని తీసేసుకోవడమే. ఇంత తేలిక ఎత్తుకి ఇంతసేపేమిటని అవతల ఎవడో నన్ను అనుమానించే ఉంటాడు. అనుమానించనీ.