నూకరాజు బొగ్గుపాలు

ఖరగ్‌పూర్ చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయదలిస్తే, పొడవాటి ప్లాట్‌ఫారానికి ఒక అధ్యాయం, రైల్వే వర్క్‌షాపుకు ఒక అధ్యాయం ఇచ్చాక, నూకరాజు ఖాళీ గ్లాసు ఎత్తడానికి కూడా ఒకటి కేటాయించక తప్పదు. ఫిట్టరుగా రిటైరైన నూకరాజు సాయంత్రం గుమ్మంలో కూర్చుని టీ తాగుతాడు. అయిపోయాక అదే స్టీలు గ్లాసు మళ్ళీ ఎత్తి, లోపల ఏమీ లేకపోయినా గుటకలు వేసి, మీసం తుడుచుకుని, "ఆహా" అంటాడు. ఈ ఆచారం ఏ కారణాన మొదలైందో చరిత్రకారులు ఇంకా తేల్చలేదు.

"ఏటి తాగుతున్నావు తాతా?" అని మనవరాలు ప్రశాంతి ఒకనాడు అడిగింది.

"బొగ్గుపాలు," అన్నాడు తడుముకోకుండా.

అక్కడి నుంచి కథ పెరిగింది. ఒక నల్ల స్టీమింజను. నీళ్ళిస్తే ఉమ్మేస్తుంది, డీజిలిస్తే మూతి తిప్పుకుంటుంది. ఎత్తు మీదికి బండి లాగాక మాత్రం బొగ్గుపాలు తాగి కూత పెడుతుంది. రుచి ఎలా ఉంటుందని అడిగితే, "తాగినోల్లకే తెలుస్తాది," అని నూకరాజు తప్పించుకునేవాడు.

ప్రశాంతి తండ్రి శ్రీనివాస్ ఊరి చివర మలంచా పేట దాటాక కొత్తగా వెలసిన పిల్లల పార్కులో షర్బత్ కౌంటరు నడుపుతాడు. పార్కు చుట్టూ తిరిగే బొమ్మరైలు అక్కడి ఘనత. కూతురి నోట రోజూ వింటున్న పానీయం తన కౌంటరులో లేకపోవడం నేరంగా తోచి, సోడాలో నల్లరంగు కలిపి, "బొగ్గుపాలు" అని బోర్డు కట్టేశాడు. తొలి గ్లాసు ప్రశాంతికే ఇచ్చాడు.

ఆ పిల్ల ఒక్క గుక్క తాగి గ్లాసు దించేసింది.

"ఇది అది కాదు. తాత అబద్దం సెప్పినాడు."

ఆ సాయంత్రం ప్రశాంతి గుమ్మంలోకి రాలేదు. మరునాడూ రాలేదు. నూకరాజు టీ తాగాడు, ఖాళీ గ్లాసు ఎత్తలేదు. సామ్రాజ్యాలు కూలినప్పుడు కూడా అంత నిశ్శబ్దం ఉండి ఉండదు.

భార్య చిలకమ్మకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. "లేనిపోని ఊసులు సెప్పీసి ఇప్పుడు మూతి ముడుసుకుంటే ఏటవుద్ది? ఆదోరం నానే కాస్తాను," అంది. ఇనప మూకుట్లో బెల్లం మాడ్చి, నీళ్ళు పోసి, శొంఠీ మిరియాలూ దంచి కలిపింది.

"పాలేవే?" అన్నాడు నూకరాజు.

"బొగ్గేది మరి?" అంది చిలకమ్మ.

ఆదివారం ఆ పానకం డ్రమ్ము కౌంటరు చేరింది. ప్రశాంతి దాని వంక కూడా చూడకుండా వెళ్ళి బొమ్మరైలెక్కింది. బతిమాలడానికి తాతా ఎక్కాడు. సగం దూరంలో, చిన్న మెరక దగ్గర, ఇంజన్ ఆగిపోయింది.

"ఫెయిలైపోనాది దాదా! దిగి నడిసెల్లిపోండి," అన్నాడు డ్రైవరు విల్‌ఫ్రెడ్.

ఇంకో ఊళ్ళో అయితే జనం దిగి టికెట్ డబ్బులు అడిగేవారు. ఇది ఖరగ్‌పూర్. ఆగిన ఇంజన్ను వదిలిపోవడం ఇక్కడ విస్తరి ముందు నుంచి లేచిపోవడంతో సమానం. ఒకాయన చక్రాల పక్కన బోర్లా పడుకున్నాడు. ఇంకొకాయన గ్రీజు ఏదని గద్దించాడు. ఒకావిడ కొంగు బిగించి, "మా మావది లోకో షెడ్డు!" అని ప్రకటించి, పెట్టెకు భుజం ఆనించింది. నూకరాజు "జోర్ సే!" అని అరుస్తుంటే, ప్రశాంతితో సహా అందరూ కలిసి ఎండలో ఆ రైలును మెరక ఎక్కించి, కౌంటరు ముందు నిలబెట్టారు.

అందరి నాలుకలూ పిడచకట్టుకుపోయాయి. ప్రశాంతి గ్లాసందుకుని గటగటా తాగేసింది. వెనక్కి తిరిగి మెరక వైపు చూసింది. బండిని ఎత్తు మీదికి తెచ్చింది తనే కదా.

"ఇదే తాతా!" అని, కూత పెట్టింది.

తర్వాత ప్రేమ్ బజార్ నుంచి కాలేజీ కుర్రాళ్ళు సైకిళ్ళ మీద రావడం మొదలుపెట్టారు. తిన్నగా కౌంటరుకు వచ్చి తాగినవాళ్ళు పరవాలేదన్నారు. బండి నెట్టి తాగినవాళ్ళు ఇంకో గ్లాసు అడిగారు. ఇంజన్ ఎప్పుడో బాగయింది. అయినా ఆదివారాలు విల్‌ఫ్రెడ్ మెరక దగ్గర స్విచ్చి కట్టేసి, విచారంగా "ఫెయిలైపోనాది," అంటాడు. జనం సంబరంగా దిగుతారు.

మొదటి గ్లాసు ప్రశాంతి తాతకే తెస్తుంది. ఆయన దాన్ని మీసం దాకా ఎత్తుతాడు. చిలకమ్మ మెల్లగా లాక్కుని, చేతిలో ఖాళీ గ్లాసు పెడుతుంది. ఇంట్లో రెండో టీ మాన్పించిన నాటి నుంచీ ఇదే వరస. నూకరాజుకు షుగర్.