తువాలు కింద సంధి

మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నాకు యూనివర్సిటీ ఫెలోషిప్ వచ్చిందని చెప్పిన వారమే, మదనపల్లె చర్చిలో ప్రార్థన అంశాలు చెప్పే వేళకు లేచి నిలబడి, తన కూతురికి అంతర్జాతీయ వ్యవహారాల్లో ఉద్యోగమైందని ప్రకటించేసింది. మరుసటి ఆదివారం ఒకావిడ తన అల్లుడి వీసా కాగితాలు సంచిలో పెట్టుకొని నా కోసం ఎదురుచూస్తోంది. నాది వీసాల పని కాదనీ, దేశాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో పరిశోధన చేసి పిల్లలకు పాఠం చెప్పే పని అనీ వివరించాను. మాట్లాడుకునేదానికి కూడా సదువు కావల్నా అని ఆవిడ సంచి మూసేసుకుంది.

అమ్మ నోరే నాకూ వచ్చింది. పైగా కోపం ముక్కు మీదుంటుంది. అలాంటిదాన్ని పరిశోధనకు ఏ విషయం ఎంచుకున్నానయ్యా అంటే, దేశాల మధ్య రహస్య చర్చలు. ఇది విని నా స్నేహితురాళ్ళు నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కుప్పంలో చేరాను. ఫెలోషిప్ రెండేళ్ళదే కానీ మధ్యలో ఒక గడప ఉంది. మొదటి ఏడాది చివర బయటి నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చి నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంటాడు. ఆయన బాగుందంటే రెండో ఏడు ఉంటుంది, లేదంటే పెట్టె సర్దుకోవడమే. నాకు ఆ ఉద్యోగం మీద ప్రాణం. అంతకు ముందు మూడేళ్ళు ఎన్ని దరఖాస్తులు పెట్టానో నాకే గుర్తులేదు.

ఆయన రావడానికి నెల ముందు నుంచీ రిహార్సల్ మొదలుపెట్టాను. ఎం.ఏ. పిల్లల్ని రెండు దేశాలుగా విడగొట్టి, మధ్యలో ఒక నదిని పెట్టి, ఏడాదిలో ఎవరికి ఎన్ని నెలలు నీళ్ళో చర్చించి తేల్చమన్నాను. రెండు దేశాలూ ఎదురెదురుగా కూర్చొని ఫ్యాను వైపు చూశాయి. మీకు ఎన్ని నెలలు కావాలో లేచి చెప్పండి అన్నాను. ఒక్కరూ లేవలేదు. నలభై నిమిషాలు చూసి, ఇలాగైతే యుద్ధాలు తప్ప ఇంకేం జరగవని అరిచేసి, చాక్‌పీసు బల్ల మీద కొట్టి బయటికొచ్చాను.

వరండాలో ఒకమ్మాయి నా వెనకే వచ్చింది. పుంగనూరు పిల్ల. వాళ్ళ నాన్న పశువుల సంతలో దళారి. క్లాసులో ఏడాదంతా నోరు తెరవని ఆ పిల్ల, ఆ రోజు నన్నే అడిగింది.

"అందరి ముందరా ఇంత కావల్ల అని ఎవరన్నా సెప్తారా మేడం? అట్ల సెప్తే బేరం యాడ నిలబడ్తాది?"

పుస్తకాల్లో ఇదే మాట వందసార్లు చదివాను, అయినా పిల్లల్ని మాత్రం లేచి చెప్పమన్నాను. సంతకు తీసుకుపొమ్మని ఆ పిల్లనే అడిగాను.

పుంగనూరు సంతలో వాళ్ళ నాన్న, ఆ పిల్ల మాటల్లో అబ్బా, తెల్ల గడ్డంతో, భుజాన పచ్చ తువాలుతో ఉన్నాడు. ఒక జత ఎద్దుల దగ్గర బేరం నడుస్తోంది. ఆయన అమ్మేవాడి చేతి మీద తువాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకున్నాడు. ఒక్కో వేలికీ, ఒక్కో నొక్కుకీ ఒక లెక్క. ఆ తర్వాత కొనేవాడి దగ్గరికి పోయి అలాగే పట్టుకున్నాడు. పైకి మాత్రం వానల గురించి మాట్లాడుకుంటున్నారు. చుట్టూ యాభైమంది ఉన్నా ధర తెలిసింది ముగ్గురికే. నేను మూడేళ్ళు లైబ్రరీలో వెతికింది ఎద్దుల మధ్య కనిపించేసరికి ఒళ్ళు పులకరించింది.

నాకూ చూపించమని బతిమాలాను. కూతురి టీచరునని ఆయన కాదనలేక, తువాలు నా చేతి మీద వేసి, అమ్మేవాడు ఎంత అడిగాడో వేళ్ళ మీద నొక్కి చూపించాడు. నేను వేళ్ళు లెక్కపెట్టుకొని, అర్థమైన సంబరంలో, క్లాసులో చెప్పే గొంతుతో ఆ ధర పైకి చదివేశాను.

కొనేవాడు నవ్వాడు. అమ్మేవాడు పలుపు విప్పుకొని ఎద్దుల్ని తోలుకుపోయాడు. అతన్ని ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నేను చేతులు జోడించాను. పెద్దాయన తిట్టలేదు, తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"సదువుకున్నదానివమ్మా నువ్వు. కానీ నీ నోరు సంతకు పనికిరాదు. నోరు నేర్సుకోని రా."

కుప్పం బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఏడ్చాను. పాతికేళ్ళు చదివి వచ్చి, ఒక మనిషి రోజంతా కష్టపడి కుదురుస్తున్న బేరాన్ని ఒక్క మాటతో చెడగొట్టాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

ప్రొఫెసర్ వచ్చే రోజు రానే వచ్చింది. ఆయన వెనక బెంచీలో, పక్కన నా పరిశోధన చూసే గైడ్ మేడం. నేను రెండు దేశాలనీ, నదినీ రెండు ముక్కల్లో చెప్పి ఒక మూల నిలబడ్డాను. వారం ముందు నుంచే క్లాసుకు వేళ్ళ లెక్క నేర్పిన పుంగనూరు పిల్ల, ఇంటి నుంచి తెచ్చిన తువాలు తీసింది. ఒక దేశం దగ్గరికి పోయి చెయ్యి కలిపింది, రెండో దేశం దగ్గరికి పోయింది, మళ్ళీ మొదటి దేశం దగ్గరికి వచ్చింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పది నిమిషాలయింది. ప్రొఫెసర్ గడియారం చూసుకున్నాడు. గైడ్ మేడం ఏదైనా మాట్లాడమని నాకు కళ్ళతో సైగ చేసింది. నా నాలుక దురద పెట్టింది. ఒక్క వాక్యం చెబితే ఆయనకు అర్థమవుతుంది, నా ఉద్యోగం నిలబడుతుంది. కానీ ఆ వాక్యంతో ఆ పిల్ల బేరం చెడుతుంది. ఒకటి చెడగొట్టింది చాలు అనుకొని పళ్ళు బిగించాను.

ఇరవై నిమిషాలకు ఆ పిల్ల తువాలు భుజాన వేసుకొని, కుదిరింది సార్ అంది. రెండు దేశాలూ వేరువేరు కాగితాల మీద రాసిచ్చాయి. రెండింటిలోనూ ఒకే లెక్క ఉంది.

మొదట ఎవరెంత అడిగారని ప్రొఫెసర్ అడిగాడు. అది సెప్పకూడదు సార్ అంది పిల్ల. ఆయన నా వైపు తిరిగాడు. మూలన నిలబడి తువాలు మీద తేలిన వేళ్ళ కదలికలన్నీ చూసినదాన్ని, నాకు కొంత అర్థమయింది కూడా.

"వాళ్ళ మాట నేను చెప్పను సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకొని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వరండాలో గైడ్ మేడం ఎదురైంది. ఉత్తరం వచ్చేదాకా ఫలితం ఎవరూ చెప్పకూడదని నియమం. ఆమె అటూ ఇటూ చూసి, ఎండలు బాగా ముదిరాయి కదమ్మా అంటూ నా చేతి మీద చీరకొంగు కప్పింది. దాని కింద ఒక్క వేలు గట్టిగా నొక్కింది. ఇంకో ఏడు!

ఆ ఆదివారం అమ్మ చర్చిలో లేచి, కూతురి ఉద్యోగం నిలవాలని ప్రార్థించమని అడిగింది. నాకు అప్పటికే వచ్చేసిన దాని కోసం చర్చి అంతా కళ్ళు మూసుకొని వేడుకుంది. నేను నవ్వు ఆపుకోలేక తల బాగా వంచుకున్నాను, దాన్ని భక్తి అనుకున్నారు. ఉత్తరం రావడానికి పది రోజులు పట్టింది. అది చదివి, నాకు ముందే తెలుసని తెలిసి, అమ్మ రెండు రోజులు అలిగింది.

"పదిదినాలు కడుపులో పెట్టుకోనుండావా? నువ్వు నా కూతురివేనా?"

ఈ సంగతి పుంగనూరు పిల్లకు చెప్పాను, ఆ పిల్ల వాళ్ళ అబ్బాకు చెప్పింది. మరుసటి సంతకు రమ్మని కబురొచ్చింది. పోయాను. ఆ రోజు ఎద్దుల్ని తోలుకుపోయిన మనిషే అదే జతతో నిలబడి ఉన్నాడు. పెద్దాయన అతనితోనూ కొనేవాడితోనూ వేళ్ళు కలిపి, బేరం కుదిరాక నేరుగా నా దగ్గరికి వచ్చి, నేను అడక్కుండానే తువాలు నా చేతి మీద వేశాడు. వానలు ఈసారి ఆలస్యమని మాట్లాడుకున్నాం. చుట్టూ జనం నా మొహం చూస్తున్నారు.

ఆ జత ఎంతకు పోయిందో నాకు తెలుసు. ఇక్కడ రాయను.