తిరగేసిన సినిమాకి పదికి పది

పరువు పోగొట్టుకోవడం అందరూ చేసే పనే. కాకపోతే మామూలు మనుషులు ఒక ఊళ్ళో పోగొట్టుకుంటారు. నేను తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ళలోనూ ఒకే ఆదివారం పోగొట్టుకున్నాను. అదీ ఒక తైవాన్ సినిమా మూలంగా. వినడానికి మీరు సిద్ధంగా ఉంటే చెబుతాను. లేకపోయినా చెబుతాను, ఎందుకంటే మా వాసుగాడు ఈ కథని పెళ్ళి భోజనాల దగ్గర చెప్పుకు తిరుగుతున్నాడు, వాడి కథలో నేను మరీ వెధవలా కనిపిస్తాను. నిజం అంత దారుణంగా ఏమీ లేదు. కొంచెం తక్కువ.

ముందు మా సంఘం సంగతి. నలుగురం. తెనాలిలో నాకు స్కూటర్ల విడిభాగాల కొట్టు ఉంది. వాసుకి బాపట్లలో ఎరువుల కొట్టు. పద్మజగారిది అదే ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం. రాఘవ రేపల్లెలో లెక్కల మాస్టారు. మమ్మల్ని కలిపింది తన్నులు. అంటే, తెరమీద తన్నులు. హాంకాంగు, కొరియా, థాయిలాండు, ఇండోనేషియా, ఎక్కడ ఎవడు ఎవణ్ణి కొట్టినా మాకు కావాలి. మా ఇళ్ళలో వాళ్ళకి అక్కర్లేదు కాబట్టి మేమే ఒకరికొకరం దిక్కయ్యాం.

నెలకో సినిమా. పెన్‌డ్రైవు ఒకరి దగ్గర్నించి ఒకరికి తెలిసినవాళ్ళ చేతుల మీదుగా రైల్లో తిరుగుతుంది. ఎవరింట్లో వాళ్ళు చూసి, ఓ ఆదివారం ఒకరింట్లో కలుస్తాం. ప్రతివాడి చేతిలో చిన్నపిల్లల పలక ఒకటి. పదికి ఎన్ని మార్కులో పక్కవాడికి కనపడకుండా రాసి, "ఎత్తండి" అనగానే ఎత్తాలి. ఎక్కువ వేసినవాడూ తక్కువ వేసినవాడూ వాదించుకోవాలి, మిగతావాళ్ళు తింటూ వినాలి. ఆదివారందాకా సినిమా గురించి ఒకరితో ఒకరు మాట్లాడకూడదన్నది మా ఏకైక చట్టం. ఇంకో సంగతి, అప్పటిదాకా ఎవరూ ఏ సినిమాకీ పది వేయలేదు. పెళ్ళిలో మొదటి పంక్తిలో కూర్చోవడానికి మొహమాటపడ్డట్టు, పది వేయడానికి అందరికీ మొహమాటం.

మాలో పెద్ద విమర్శకుణ్ణి నేనే. ఆ సంగతి నేనే చెప్పుకోవలసి వచ్చేది, అది వేరే విషయం. హీరో టీ తాగితే మిగతావాళ్ళకి టీ కనిపించేది, నాకు వలస పాలన కనిపించేది. విలన్ గొడుగు మడిస్తే అందులో ఒక తరం నిస్పృహ కనిపించేది. రాఘవ ఎప్పుడూ ఆరో ఏడో వేసి, "బానే ఉందిరా, చివర ఫైటు కాస్త సాగింది" అనేవాడు. నేను జాలిగా నవ్వేవాణ్ణి. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నాకే చిరాకేస్తుంది.

అలాంటి రాఘవ ఆ వేసవి సెలవులంతా కూర్చుని ఒక పని చేశాడు. ఎక్కడో దొరికిన పాత తైవాన్ సినిమాకి, ఇంగ్లీషు మాటలు చూసుకుంటూ, తెలుగులో మాటలు రాసి బొమ్మ కింద అతికించాడు. వాళ్ళమ్మ సీతారావమ్మగారి కోసం. ఆవిడకి ఫైటింగు సినిమాలంటే ప్రాణం. చెవులు మాత్రం సరిగా వినపడవు. ఇన్నాళ్ళూ కొడుకు పక్కన కూర్చుని, ఎవడు ఎందుకు కొడుతున్నాడో తెలియకుండానే ఆనందించేది. "ముందు మీరు చూసి బాగుందనండి, తప్పులుంటే దిద్దుకుని అప్పుడు అమ్మకి చూపిస్తా" అన్నాడు.

పెన్‌డ్రైవు మొదట నాకు పంపాడు. ఫోన్ కూడా చేశాడు.

"ఒరేయ్ ప్రసాదూ, సినిమా రెండు ముక్కలుగా ఉందిరా. పేర్లు చైనా అక్షరాల్లో ఉన్నాయి, మార్చడం మర్చిపోయా. పైనున్నది ముందు చూడు."

"నాకు చెప్పాలంట్రా?" అన్నాను.

చెప్పాలి. మా టీవీకి ఒక గుణం ఉంది. చివర ఎక్కించినదాన్ని తెచ్చి పైన పెడుతుంది. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను, నాలాగా మీరూ మోసపోవడం నాకిష్టం లేదు.

సినిమా వేశాను. నటుల పేర్లూ లేవు, పాడూ లేదు. వాన. వీధిలో ఒక కుర్రాడి శవం, పక్కన గొడుగు. నూడుల్స్ కొట్టు నడిపే వాళ్ళన్న వచ్చి, ఆ శవాన్ని చూసి, కత్తి తీసుకుని బయల్దేరతాడు. చేపల మార్కెట్లో ఒక్కొక్కణ్ణి నరుకుతాడు. చివరికి తనూ సముద్రం ఒడ్డున పడి చచ్చిపోతాడు. తెర నిండా పెద్ద పెద్ద చైనా అక్షరాలు. అప్పుడు రెండోది వేశాను. సంగీతం. నటుల పేర్లు. తెల్లవారుతుంది. చచ్చిన హీరో నవ్వుతూ పిండి పిసుకుతున్నాడు! చచ్చిన తమ్ముడు బల్లలు తుడుస్తున్నాడు! నరికించుకున్న రౌడీలందరూ వరసగా వచ్చి కూర్చుని నూడుల్స్ తింటున్నారు! ఆఖర్లో తమ్ముడు గొడుగు తీసుకుని వానలోకి నడుస్తాడు. అంతే, అయిపోయింది.

నాకు ఒళ్ళు జలదరించింది. స్వర్గం! చచ్చినవాళ్ళంతా పగలు మరిచి ఒకే బల్ల దగ్గర తినే స్వర్గం. అబద్ధమెందుకు, కళ్ళు చెమర్చాయి. మరి కింద తెలుగు మాటలు చదవలేదా అని అడుగుతారు. చదవలేదండీ. నేను బొమ్మని చదివే రకం, అక్షరాలు పామరుల కోసమని నా నమ్మకం.

ఆ రాత్రి ఆనందంలో రెండు పనులు చేశాను. ఒకటి, తర్వాత చూసేవాళ్ళు తికమకపడకూడదని పెద్ద మనసుతో ఆ చైనా పేర్లు తీసేసి, నేను చూసిన వరసలోనే "ఒకటి", "రెండు" అని పేర్లు పెట్టాను. రెండు, చట్టాన్ని తుంగలో తొక్కి వాసుకి ఫోన్ చేశాను.

"వాసూ, ఒక్క మాట చెబుతాను. సగంలో సినిమా మొదలవుతుంది, కంగారు పడకు. చచ్చినవాళ్ళు బతుకుతారు, అదీ కంగారు పడకు. పద్మజగారికి కూడా చెప్పు."

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను కోతినే చేసి, దానికి పిండివంటలు నైవేద్యం పెట్టి, ఊళ్ళవాళ్ళ చేత దండం పెట్టించాను.

ఆదివారం రేపల్లెలో రాఘవ ఇంట్లో కలిశాం. సీతారావమ్మగారు పునుగుల పళ్ళెం మధ్యలో పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మా మాటలు ఆవిడకి వినపడవు. మేం బాగుందంటే సినిమా పెడతారని మాత్రం తెలుసు. మా మొహాలు చూసి నవ్వుతోంది.

"ఎత్తండి" అన్నాడు వాసు.

నాది పది. వాసుది తొమ్మిది. పద్మజగారిది తొమ్మిది. రాఘవది ఏడు.

"పదేంట్రా!" అన్నాడు రాఘవ, సంతోషం పట్టలేక. పాపం, తన తెలుగుకే అనుకున్నాడు.

"నువ్వు ఏడేంట్రా ముందు చెప్పు" అన్నాను.

"తమ్ముణ్ణి చంపారు, అన్న పగ తీర్చుకున్నాడు. బానే ఉంది. చివర ఫైటు కాస్త సాగింది."

నేను జాలిగా నవ్వాను. "పగ! అంతేనా నీకు కనపడింది? మరి స్వర్గం?"

"స్వర్గం ఎక్కడుందిరా ఇందులో?"

"రెండో సగమంతా స్వర్గమే కదరా!"

"రెండో సగమంతా చేపల మార్కెట్లో నరుక్కోవడమే కదరా!"

"అది భూలోకం."

రాఘవ వాసు వైపు చూశాడు. వాసు మూతి తుడుచుకుని, "నాకైతే ఎర్ర రంగు పోయి తెల్ల పిండి రావడం నచ్చిందిరా. పాపం, పుణ్యం అన్నమాట" అన్నాడు. ఈ మాట వాడికి ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. యూరియా బస్తాల మధ్య కూర్చునే మనిషి.

రాఘవ పద్మజగారి వైపు చూశాడు. ఆవిడ మెల్లగా అంది, "ఆ తమ్ముడు తిరిగొచ్చి అన్న పక్కన కూర్చుని తింటుంటే నాకు ఏడుపొచ్చేసిందండి రాఘవగారూ. ఇంకేం గుర్తు లేదు."

రాఘవ మొహం మాడిపోయింది. పలక పక్కన పెట్టేశాడు.

"ముగ్గురికీ ఒకలా అర్థమై, రాసినవాడికే ఇంకోలా అర్థమైందంటే తప్పు నాదేరా. చైనా భాష రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఎక్కడో కథంతా తప్పు రాసేసుంటా. అమ్మకిది చూపించి లాభం లేదు. తీసి పారేస్తా" అని లేచి లోపలి గదిలో కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు.

నేను ఆపాలి కదా? ఆపలేదు. ఓడినవాణ్ణి వెంటనే ఓదార్చకూడదు, పాఠం ఒంటబట్టదు అనుకున్నాను. పద్మజగారి వైపు తిరిగి ఉపన్యాసం కొనసాగించాను. "అసలు చూడండి పద్మజగారూ, ఎవరైనా సినిమా అయిపోయాక నటుల పేర్లు వేసి, అప్పుడు మొదలుపెడతారా? ముందు సమాప్తం అని వేసి, తర్వాత..."

ఆ మాట నా నోట్లోంచి వచ్చి నా చెవిలోనే పడింది. ముందు సమాప్తం, తర్వాత మొదలు. ఇంకోసారి మనసులో అనుకున్నాను. పునుగు గొంతులో అడ్డం పడింది. "పైనున్నది ముందు చూడు" అన్న రాఘవ మాటా, "ఒకటి", "రెండు" అని ఎంతో శ్రద్ధగా పెట్టిన నా పేర్లూ కళ్ళముందు కదిలాయి.

ఆ క్షణంలో నా బుద్ధి ఎలా పనిచేసిందో చెబితే మీరు నన్ను ఇంట్లోకి రానివ్వరు. ఊరుకుంటే నా పది పదిలాగే ఉంటుంది. రాఘవ ఆ సినిమా తీసేస్తాడు, ఇక ఎవరికీ ఏమీ తెలియదు. పైగా చరిత్రలో మొదటి పది వేసినవాణ్ణి నేనే. ఈ ఆలోచన నాకు చాలా సుఖంగా అనిపించింది. అంతలో సీతారావమ్మగారు నా చేయి తట్టి, కళ్ళజోడు సర్దుకుంటూ, "ఇక పెడతాడా అబ్బాయ్?" అంది.

లేచి పరుగెత్తాను. గడప తగిలి కాలి వేలు చితికింది. రాఘవ వేలు మీట మీద ఉంది.

"ఒరేయ్, ఆగరా! నీ తెలుగు తప్పు కాదు. నేను వెనకది ముందు చూశా. ఒకటీ రెండూ అని పేర్లు కూడా నేనే తిరగేసి పెట్టా. వీళ్ళూ అలాగే చూశారు."

రాఘవ నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. లెక్కల మాస్టారు కదా, లెక్క సరిపోగానే మొహం విచ్చుకుంది.

"అంటే మాటలు సరిగ్గానే ఉన్నాయా?" అన్నాడు.

"నేను చదవలేదురా" అన్నాను. ఇది మొదటి తప్పుకన్నా పెద్దదని చెప్పాక తెలిసింది.

ముందు గదిలోంచి వాసు అరిచాడు. "నాకు అప్పుడే అనుమానం వచ్చింది!"

"మరి తొమ్మిదెందుకు వేశావురా?" అన్నాను.

"నువ్వు పది వేస్తావని తెలుసుగా!"

సీతారావమ్మగారు అందరి మొహాలూ చూసి, "ఏంటంటరా?" అంది. రాఘవ ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి వీధంతా వినపడేలా అరిచాడు. "సినిమా తిరగేసి చూశారంటమ్మా! చచ్చినోళ్ళంతా బతికొచ్చి నూడుల్స్ తిన్నారని ప్రసాదు పది మార్కులు వేశాడంట!" పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. తెనాలికి నేనున్నాను, బాపట్లకి వాసూ పద్మజగారూ ఉన్నారు, రేపల్లెకి వీళ్ళు. మూడు ఊళ్ళలోనూ నా పరువు అలా పూర్తయింది.

తర్వాత సరైన వరసలో అందరం కూర్చుని చూశాం. సీతారావమ్మగారు కింద మాటలన్నీ పైకి చదువుతూ, మధ్యమధ్యలో విలన్‌ని తిడుతూ, కొడుకు వైపు గర్వంగా చూస్తూ కూర్చుంది. నేను మొదటిసారి మాటలు చదివాను. రాఘవ చాలా బాగా రాశాడు. సినిమా మాత్రం, నిజం చెప్పాలంటే, మామూలు సినిమా. తమ్ముణ్ణి చంపారు, అన్న పగ తీర్చుకున్నాడు. చివర ఫైటు కాస్త సాగింది. నాకు లోపల ఏదో పోగొట్టుకున్నట్టుంది. ఆ రాత్రి చెమర్చిన నా కళ్ళు ఏ సినిమాకి చెమర్చినట్టు? తీసినవాడికీ తెలియదు, చూసినవాడికీ తెలియదు.

పద్మజగారు తన పలక తుడిచి సీతారావమ్మగారి చేతికిచ్చింది. ఆవిడ బలపం పట్టుకుని చాలాసేపు ఆలోచించి, ఆరు వేసింది.

"అదేంటమ్మా, అంత ఇష్టంగా చూశావు?" అని అరిచాడు రాఘవ.

"నీ రాత బావుందిరా, దానికి వంక పెట్టను. కానీ ఈ అబ్బాయి చూసిన సినిమాయే బావుంది. అందులో చివరికి అందరూ బతికే ఉన్నారు. మీ నాన్న పోయిందగ్గర్నించి నాకు అలాంటి సినిమా ఒకటి చూడాలనుంది. మళ్ళీ మొదట్నించి పెట్టు, ఈసారి ఈ అబ్బాయి చూసిన వరసలో."

పెట్టాం. అందరం కూర్చుని మళ్ళీ చూశాం. వాసు కూడా.

కాబట్టి పాఠకులారా, పదికి పది వేసిన ఈ చేతిని గుండెమీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సినిమా అయినా మొదలేదో తుదేదో తేల్చుకోనిదే పలక ముట్టను. అర్థం కాకపోతే అర్థం కాలేదనే రాస్తాను. ఎవరి ఫైళ్ళకీ పేర్లు పెట్టను. సీతారావమ్మగారికి పంపేవి తప్ప.