పెసరగింజంత నిద్ర

ముక్తేశ్వరానికి దిగువన, గౌతమి ఒడ్డున పడవవాళ్ళ ఇళ్ళు పది పన్నెండు ఉండేవి. వాటిలో చిట్టచివరిది, ఏటికి మరీ దగ్గరది, వీరాయమ్మ పాక. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి రెండేళ్ళు. ఆమె మొగుడు పోలిరాజు పోయి ఏడాది. ఆ ఏడాదిగా ఆమెకు నిద్ర లేదు.

లేదంటే బొత్తిగా లేదని కాదు. కన్ను మూతపడేది, ఇంతలోనే ఎవరో భుజం తట్టినట్టు తెరుచుకునేది. ఆ తట్టేది ఏరేనని ఆమెకు తెలుసు. పోలిరాజు దిగువ రేవుకి కొబ్బరికాయలు తోలేవాడు. సముద్రం పోటుకి ఏటిలో నీరు ఎగువకి ఎక్కుతుంది, పాటుకి దిగువకి తీస్తుంది. పాటు అందుకుంటే పడవ హాయిగా సాగిపోతుంది. తప్పిపోతే గడ వేసి వేసి రెక్కలు పడిపోవలసిందే. పోనీ ఆ పాటైనా ఒక వేళకి వస్తుందా? రోజుకి రెండేసి గడియలు ఆలస్యమవుతూ పోతుంది. పోలిరాజా, పక్కన పిడుగు పడ్డా లేవని మనిషి. అందుకని ముప్పై ఏళ్ళపాటు, పాటు ఏ వేళకి మొదలైతే ఆ వేళకి ముందే మేలుకుని, "లెగండి, నీరు తీసేత్తంది!" అని కేక పెట్టి లేపింది వీరాయమ్మే.

లేవవలసినవాడు వెళ్ళిపోయాడు. లేపవలసిన వేళ మాత్రం వదలలేదు. మేలుకుని ఎవర్ని లేపాలి? చాపకి అవతలి పక్క చెయ్యి చాపి, చల్లటి నేల తడిమి, తెల్లవారేదాకా అలా కూర్చునేది.

చివరికి ముక్తేశ్వరం వెళ్ళి వైద్యులు రాఘవులుగారి అరుగు మీద కూర్చుంది. ఆయన మందులకన్నా ప్రశ్నలే ఎక్కువ పెడతారని ఊళ్ళో నవ్వుకునేవారు. నాడి చూశారు, నాలుక చూశారు, ఆఖరికి అడిగారు:

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎందుకండీ బాబుగారూ?"

"నేనిచ్చేది నల్లమందు. నిద్రపుచ్చడమే గాని లేపడం దానికి చేతకాదు. పొద్దున్నే నిన్ను తట్టి లేపే మనిషుంటే పెసరగింజంత ఇస్తాను. లేకపోతే ఆవగింజంతే."

అరుగు మీద ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. ఎవరూ లేరన్న మాట అంతమందిలో వీరాయమ్మ నోట రాలేదు. మందు ఎక్కువ కావాలని ఆడిన అబద్ధం కాదది, సిగ్గుపడి ఆడినది.

"ఆయ్, ఉన్నారండి. మా పక్కింటి చిట్టిబాబండి. రోజూ లేపుతాడండి."

చిట్టిబాబు ఇప్పుడు పోలిరాజు పడవే నడుపుతున్నాడు. వాడు ఆమెను పలకరించి ఎన్నాళ్ళయిందో ఆ ఏటికే తెలియాలి.

రాఘవులుగారు నల్లమందు ముద్ద ఆకులో చుట్టి, దాంతోపాటు ఒక పెసరగింజ చేతిలో పెట్టారు. "ఇదీ కొలత. దీని పక్కన పెట్టి చూసుకుని మాత్ర చేసుకో. రవ్వంత ఎక్కువైనా ఒప్పుకోను."

గింజని కొంగున ముడేసుకుంది. వారం రోజులు రెండేసి జాములు నిద్రపోయింది. ఆ మాత్రానికే మొహం తేటపడింది.

తరవాత కార్తీకం ముసురు పట్టింది. ఒక మంగళవారం పొద్దుటినుంచీ వానలో తడుస్తూ తిరిగి, సాయంత్రం కొంగు ముడి విప్పితే గింజ నాని ఉబ్బి ఉంది. పెసలు నానబోసుకుని తినే మనిషికి గింజ నానితే ఎంతవుతుందో తెలియదా? తెలుసు. 'ఆయనిచ్చిన గింజే కదా, నేను మార్చలేదు కదా' అనుకుంది. ఆ గింజంత మాత్రే చేసుకుని మింగింది. నిద్ర కోసం అలమటించిన మనిషి తనకి తానే ఇలా సర్దిచెప్పుకుంటుంది, ఏం చేస్తాం!

లేచేసరికి వాన వెలిసి, పొద్దు కాస్త పైకెక్కింది. తల దిమ్ముగా ఉంది. గంప కింద కోళ్ళు గొంతు పోయేలా అరుస్తున్నాయి. కుండలో గంజి పులిసిపోయి కంపు కొడుతోంది. తూలుతూ ఏటి ఒడ్డుకి వచ్చి నీళ్ళు చూసింది. మంగళవారం పొద్దు పొడుస్తూనే పాటు మొదలైంది. బుధవారం రెండు గడియల పొద్దెక్కాక మొదలవ్వాలి. అంటే ఈపాటికి నీరు తియ్యాలి. తియ్యడం లేదు, ఇంకా ఎక్కుతూనే ఉంది. అలాగే నిలబడి చూసింది. నాలుగు గడియల పొద్దెక్కాక గాని నీరు వెనక్కి తిరగలేదు.

ఏరు అబద్ధమాడదు. ఇది బుధవారం కాదు, లక్ష్మివారం. ఒక రోజుకి రోజు ఆమె పోయినట్టే పడి ఉంది, ఒక్కరూ తలుపు తట్టలేదు. చచ్చిపోయేదాన్నన్న భయం ఆమెకు తరవాతెప్పుడో వచ్చింది. ముందు ఒడ్డున కూలబడి ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే వెళ్ళి రాఘవులుగారి ముందు అంతా ఒప్పుకుంది. ఆయన కేకలు వేస్తారనుకుంది. ఆయన ముద్ద తిరిగి తీసేసుకుని, ఒక్క రోజు మందు మాత్రం, అదీ ఆవగింజంత, తన చేత్తో చేసి ఇచ్చారు.

"ఇది కూడా ఆ చిట్టిబాబుని నిజంగా అడిగాకే వేసుకో."

నల్లమందుకన్నా చేదుగా ఉంది ఆ అడగడం. సాయంత్రం చిట్టిబాబు పడవ కట్టేస్తుంటే పక్కకి వెళ్ళి, చూపు నేల మీద పెట్టుకుని అడిగింది. "ఎల్లేటప్పుడు ఒక్క కేకెయ్యి, చాలు."

వాడు తెల్లబోయాడు. "అదేంటండి పిన్నిగారండీ! మీకు నిద్రుండట్లేదంట కదండి. మీ పాక కాడ గడ సప్పుడవకుండా ఎల్తన్నానండి ఏడాదై. మీ కేకకే మేమూ లేచేవోళ్ళమండి. అది లేక ఎన్నిసార్లు పాటు పోగొట్టుకున్నామో తెల్సాండి?"

వీరాయమ్మ ఇన్నాళ్ళూ వాళ్ళు తనని మరిచిపోయారనుకుంది. వాళ్ళేమో చప్పుడు చెయ్యకుండా కాపు కాశారు.

ఆవగింజంత మందుతో ఆ రాత్రి ఒక జాము పడుకుందేమో. పాటుకి చాలా ముందే మెలకువ వచ్చేసింది. చాప మీదే కళ్ళు మూసుకుని విన్నది. గడ నీళ్ళలో పడుతున్న చప్పుడు దగ్గరైంది, ఆగింది.

"పిన్నిగారండీ!"

పలకలేదు.

"పిన్నిగారండీ! లేచేరా?" ఈసారి గొంతులో కంగారుంది. గడ పడవలో విసిరేసిన చప్పుడు, నీళ్ళలోకి దూకిన చప్పుడు, ఒడ్డున పరుగు. పాటు తప్పిపోతుందని తెలిసీ పరుగెత్తుకొస్తున్నాడు.

వాడి చెయ్యి తడిక మీద పడ్డాక, "లేచేన్రా నాయనా" అంది.

వాణ్ణలా పరుగెత్తించడం తప్పే. మర్నాటినుంచి మొదటి పిలుపుకే పలికింది.