పులస తిన్నాక చూసిన యుద్ధం సినిమా

మా పెదనాన్న ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, పింఛనుతో యానాం తిరిగొచ్చారు. ఆయన చెప్పే యుద్ధంలో శత్రువులు ఏటేటా పెరుగుతుంటారు. నా చిన్నప్పుడు నలుగురైదుగురే ఉండేవారు, ఇప్పుడు ఊరు పట్టనంతమంది అయ్యారు. నాన్న పోయాక మా ఇంట్లో ఆఖరి మాట ఆయనదే. పెళ్ళిళ్ళ విషయంలో మరీను.

ఆ ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచాం. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజులు. ముందురోజే వండి ఉంచిన పులస పులుసు అడిగి మరీ వేయించుకుని తిన్నారు. ఆ పులస ఫరంపేటలో పడవలున్న ఒక క్యాథలిక్ కుటుంబం పంపింది. వాళ్ళబ్బాయినే చెల్లి చేసుకోవాలనుకుంటోంది. పెదనాన్న కడుపు నిండి, మనసు మెత్తబడ్డాక ఆ మాట కదుపుదామని నా మహా వ్యూహం.

ఆయన సోఫాలో కూలబడి "ఏదైనా యుద్ధం సినిమా పెట్రా" అన్నారు. అభిరుచి చూపించుకునే జబ్బు నాకుంది కదా, ఒక విదేశీ సినిమా పెట్టాను. యుద్ధం ఎక్కడో దూరంగా జరుగుతుంటుంది. కథంతా ఒక వంటింట్లోనే. ఇంటావిడ పారిపోయిన సైనికుణ్ణి అటక మీద దాచింది. అది మనకి తెలుసు. బల్ల ముందు కూర్చున్న అధికారికి తెలుసో లేదో తెలియదు. రొట్టె బాగుందంటాడు. పిండి ఎక్కడిదంటాడు. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా అంటాడు. ఆవిడ ప్రతి జవాబూ కాస్త ఆలస్యంగా చెబుతుంది. నేను కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాను.

"ఇదేం యుద్ధంరా? కోళ్ళ బేరంలాగుంది. మేమైతే తలుపు తన్నేసి లోపలికెళ్ళిపోయేవోళ్ళం" అన్నారు పెదనాన్న.

తలుపు తన్నితే కథ అక్కడే అయిపోతుందని, నవ్వుతూ అడిగేవాడే ఎక్కువ భయపెడతాడని నేను ఉపన్యాసం అందుకున్నాను. ఆయన చెల్లి వైపు తిరిగారు.

"పులుసు అదిరిపోయిందమ్మా. చేప ఎక్కడిదేంటి?"

"బజార్లో కొన్నాం పెదనాన్నా."

"ఎవరి దగ్గర?"

చెల్లి వెంటనే చెప్పలేదు. "రోజూ కొనేవాళ్ళ దగ్గరే."

"అంత పులస బజారుదాకా ఎక్కడొస్తాదమ్మా? రేవులోనే ఎగరేసుకుపోతారు కదా."

నిజమే. మా వైపు అంతటి పులస ఇంటికొచ్చిందంటే ఎవరో పంపినట్టే. పని కావాల్సినవాళ్ళు ఆఫీసర్లకి పంపుతారు, వియ్యం కోరుకునేవాళ్ళు ఆ ఇంటికి పంపుతారు. ఈ సంగతి తెలిసీ ఆ చేపనే ఆయన కంచంలో పెట్టిన వ్యూహకర్తని నేను. ఆయన గొంతు చూస్తే వెన్నలా ఉంది. నా సినిమా పాఠం వినకుండానే ఒంటబట్టించుకున్నారు. నాకు నిజంగా భయం వేసింది.

"ఫరంపేట నించొచ్చిందేమో?" అన్నారు, పళ్ళు కుట్టుకుంటూ.

చెల్లి తలెత్తింది. "అవును పెదనాన్నా. వాళ్ళమ్మగారు పంపారు. నేను ఆ అబ్బాయినే చేసుకుంటాను."

పెదనాన్న ముఖం కందిపోయింది. "చర్చికెళ్ళేవోళ్ళ సంబంధమా? మీ నాన్నుంటే ఆ చేప గుమ్మం దాటేదా? ఎవరే తీసుకున్నది?"

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఆయన ముందు అమ్మ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. అప్పుడూ పెంచలేదు.

"నేనే తీసుకున్నానండి బావగారూ. ఎందుకు పంపారో తెలిసే తీసుకున్నాను. వద్దనుకుంటే గుమ్మంలోనే తిప్పి పంపేద్దును."

చెల్లి నోరు తెరిచి అమ్మనే చూస్తోంది. అమ్మ ఒప్పుకుందని దానికీ తెలియదు, నాకూ తెలియదు.

పెదనాన్న చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆయన అలిగిన ప్రతిసారీ వెనకాలే వెళ్ళి బతిమాలి తీసుకురమ్మని అమ్మ నన్ను తరిమేది. ఆ రోజు నేను లేవబోతే, కూర్చోమంది.