వియ్యపురాలితో తిరిగిన హోటళ్ళు

ఆస్ట్రేలియాలో ఏడాది ఉండి వచ్చావు కదా, అక్కడేం చూశావని చర్చిలో ఆడవాళ్ళు అడుగుతారు. హోటళ్ళు చూశానంటే నవ్వుతారు. ఆండర్సన్‌పేటలో చిరిగిన దుప్పటి కూడా పారేయకుండా సంచి కుట్టే మనిషిని నేను. దుడ్డిచ్చి బయట తినడమంటే నాకు చిన్నప్పటినుంచీ గిట్టదు. కానీ నిజం అదే. అక్కడ నేను చూసింది హోటళ్ళు, తాగింది వైన్. రెండూ మా వియ్యపురాలి పుణ్యమే.

మా అల్లుడిది బూదికోట. తండ్రి బడిపంతులు, ఇంట్లో మాంసం ముట్టరు. మేము కోలారు బంగారు మైన్స్‌లో కూలి కుటుంబం, చర్చికి పోయేవాళ్ళం. కోలారులో చదువుకునేటప్పుడు పిల్లలిద్దరూ ఇష్టపడి రిజిస్ట్రాఫీసులో పెళ్ళి చేసుకున్నారు. వియ్యపురాలు గొడవేమీ చేయలేదు. ఎదురుపడితే పలకరించేది, పండక్కి చీర పంపేది. కానీ మా అమ్మాయి చేతి మంచినీళ్ళు కూడా ఏ రోజూ తాగలేదు.

నేను ఆస్ట్రేలియాకు పోయేనాటికి మైన్స్ మూతపడి చాలా ఏళ్ళయింది, మా ఆయనా పోయారు. మా అమ్మాయికి బెండిగో అనే ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం. ఆమెకు బిడ్డ పుడితే నేను ముందు వెళ్ళాను, వెనకే వియ్యపురాలు వచ్చింది. వస్తూ తన గిన్నెలు, తన గరిటెలు, చిన్న కుక్కరు పెట్టెలో పెట్టుకొని వచ్చింది. కొడుకు చేత కరెంటు పొయ్యి కొనిపించుకొని, కారు నిలిపే షెడ్డులో వంట మొదలుపెట్టింది. ఒకే ఇంట్లో రెండు వంటలు. మనవణ్ణి ఎత్తుకునేది, ఉగ్గు కలిపేది, కోడలి తలకు నూనె కూడా రాసేది. తిండి మాత్రం షెడ్డులోనే.

"నన్ను తిట్టినా బాగుండు మా," అని మా అమ్మాయి ఒకరోజు నాతో అంది. "ఒక్క పూట నా చేతి కూడు తింటే చాలు. నేనింగేం అడగను."

ఒకరి నోట్లోకి మనం తోయలేం కదా.

దారి వియ్యపురాలే చూపించింది. బిడ్డకు సూది వేయించి వస్తూ ఒక కాఫీ హోటల్లో ఆగాం. ఆమె హాయిగా కాఫీ తాగి, బన్ను తిని, చేయి తుడుచుకుంది. మా అమ్మాయి కళ్ళప్పగించి చూసింది.

"హోటల్లో తింటారా అత్తా?"

"హోటలుకేముండాదమ్మా? దుడ్డిచ్చినాము, తిన్నాము. ఎవురు వండినారని అడుగుతామా యాడన్నా? మీ మామ ఎలచ్చన్ డ్యూటీకి పోయినప్పుడంతా బంగారుపేట హోటల్లోనే కదా తినింది."

హోటలుకు అంటు లేదు. ఆ ఒక్క మాటతో మా అమ్మాయి ఆదివారాలు మారిపోయాయి. అత్తతో ఒకే బల్ల దగ్గర కూర్చొని తినాలంటే ఇంకో మార్గం లేదు మరి. పదిహేను రోజులకొకసారి మధ్యాహ్నం భోజనానికి బయటికి తీసుకుపోవడం మొదలుపెట్టింది. పోతే మామూలు చోటుకు కాదు, తెల్లగుడ్డ పరిచిన బల్లలున్న చోటుకే. ఆ పేర్లు మాకు నోరు తిరగవు. మేమిద్దరమే పేర్లు పెట్టుకున్నాం.

మొదటిది చర్చి హోటలు. నిజంగా చర్చే. జనం రావడం మానేశాక అమ్మేశారట. రంగుటద్దాల కిటికీలు అలాగే ఉన్నాయి. బలిపీఠం ఉండాల్సిన చోట సీసాలు పేర్చి ఉన్నాయి. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

"మా, ఇప్పుడిక్కడ పాదిరీ లేడు, ప్రార్థన లేదు. రా," అంది మా అమ్మాయి.

"రాండి వదినా," అని వియ్యపురాలు నా చేయి పట్టుకుంది. "మీ దేవుడి ఇల్లే కదా. నేనే వస్తా ఉండాను, మీకేం?"

చర్చిలోకి ఆమె ముందు నడిచింది, నేను వెనక. కూర్చున్నాక రెండుసార్లు ప్రార్థన చేసుకున్నాను.

అక్కడి పద్ధతి ఒకటి నాకు అర్థం కాలేదు. సీసా తెచ్చి చూపించి, మా అల్లుడి గ్లాసులో అడుగు తడిసేంత పోసి, వడ్డించే పిల్ల అలాగే నిలబడింది.

"ఇంతేనా?" అన్నాను.

"రుచి చూసి బాగుందంటేనే అందరికీ పోస్తారత్తా."

"బాగలేదంటే?"

"ఎత్తుకొనిపోయి పారబోస్తారు."

"అట్లయితే బాగుండాదని చెప్పు నాయనా, ముందు."

అతను ఇంకా నోట్లో పోసుకోలేదు. అయినా చెప్పాడు.

ఆ రోజు పోసింది షిరాజ్ అనే ఎర్ర వైన్. మా ఇళ్ళలో క్రిస్మస్‌కు జాడీలో నల్లద్రాక్ష, చక్కెర, గుప్పెడు గోధుమలు వేసి చేసే వైన్ తియ్యగా ఉంటుంది. అదే వైన్ అనుకున్నదాన్ని నేను. దీంట్లో తీపే లేదు. గుక్క నోట్లో ఉన్నంతసేపూ నేరేడుపండు, మింగాక మిరియం. నాలుక పీక్కుపోయింది, ఇదేం తాగుడని పక్కన పెట్టేశాను. తర్వాత గొర్రె తొడ వచ్చింది. నిదానంగా చాలాసేపు ఉడికించి పైన కాల్చింది, గరిటె తగిలితే విడిపోయేలా ఉంది. ఆ కొవ్వు మీద ఇంకో గుక్క తాగి చూశాను. అప్పుడు తెలిసింది అది దేనికోసం చేసిన వైనో. ఉత్తగా తాగేది కాదు, కూడుతో తాగేది. ఇప్పటికీ ఏ వైన్ ఇష్టమంటే మొదట దాన్నే చెప్తాను.

వియ్యపురాలు నా గ్లాసునే చూస్తూ ఉంది.

"అది ద్రాక్షే కదా?" అని కొడుకును అడిగింది.

"ద్రాక్షే మా."

"మాంసం గీంసం ఏమీ కలపలేదు కదా?"

"లేదు."

"అయితే పొయ్యమను. మన పక్క తోటల్లో ద్రాక్ష కాస్తుంది, ద్రాక్షకు భయపడతానా నేను?"

అల్లుడు తల్లిని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆమె మాత్రం రెండు గుక్కలు తాగి, కషాయంలా ఉందని నా గ్లాసులోకి వంచేసింది. పారబోయలేదు, అందుకు మెచ్చుకున్నాను. ఆమెకు కాల్చిన బీట్‌రూట్ తెచ్చారు, మీద మేకపాల చీజు, పక్కన వేయించిన అక్రోటు పప్పులు. ప్లేటు చక్రమంత, కూడు పిడికెడంత. బీట్‌రూట్‌లో ఇంత తీపి ఉందని తనకు ఇన్నేళ్ళూ తెలియలేదంది.

రెండోది తోట హోటలు. ఊరి బయట ద్రాక్షతోట మధ్యలో ఉంటుంది. అది కూడా ఒకప్పుడు బంగారం తవ్విన నేలే, ఇప్పుడు గుట్ట మీద వరసగా ద్రాక్షతీగలు. మన మైన్స్ మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీద కూడా ఇట్లా పెట్టొచ్చు కదా అని వియ్యపురాలు అడిగింది. మన దిబ్బ మీద గడ్డి మొలిస్తే అదే గొప్ప వదినా అన్నాను. అక్కడ భోజనానికి ముందు చిన్న గ్లాసుల్లో రకరకాలు పోసి రుచి చూపిస్తారు. పక్కన ఒక బకెట్టు. కారు నడపాలి కాబట్టి మా అల్లుడు నోట్లో పుక్కిలించి దాంట్లో ఉమ్మేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఉమ్మేదానికా ఆ మనిషి పండించింది? నువ్వు తాగకపోతే నాకియ్యి."

ఆ మధ్యాహ్నం అందరి వంతూ నేనే తాగాను. అక్కడ మంచిదంటే రీస్లింగ్ అనే తెల్లది, నిమ్మకాయ చెక్క కొరికినట్టు ఉంటుంది, చేపకు బాగా కుదిరింది. చివర్లో అరచేతిలో పట్టే గ్లాసుల్లో మస్కట్ పోశారు. బెల్లం పాకంలో ఎండుద్రాక్ష నానబెట్టినట్టు, గోధుమరంగులో, చిక్కగా. వియ్యపురాలు తీర్థం పుచ్చుకున్నట్టు కళ్ళు మూసుకొని తాగింది.

"ఇది వైన్ కాదు వదినా, పాయసం," అంది. "ఇంగో రవ్వంత పొయ్యమని చెప్పండి. నేనడిగితే మావాడు నవ్వుతాడు."

ఆ రోజు ఆమె ముందు గుమ్మడికాయ, చీజు దట్టించిన వంటకం సగానికి సగం మిగిలిపోయింది. పార్సెల్ కట్టివ్వమన్నాను.

"మా, ఇట్లాంటి చోట్ల అడగరు," అని మా అమ్మాయి గొణిగింది.

"దుడ్డు తీసుకున్నారా లేదా? మిగిలింది మనది."

అడిగితే మర్యాదగానే కట్టిచ్చారు. నల్లటి గట్టి డబ్బాలు, మూత బిగిస్తే చుక్క కారదు. మర్నాడు వియ్యపురాలు ఇంట్లోనే ఆ డబ్బా తెరిచి తినింది. హోటలుదే కదా. ప్రతిసారీ ఆ డబ్బాలు నేను కడిగి దాచిపెట్టాను. అలాంటివి పారేసేవాళ్ళకు బుద్ధి లేదు.

మా అమ్మాయి మళ్ళీ డ్యూటీకి పోవడం మొదలైంది. ఒక పొద్దున పాలకూర పప్పు చేసి పోయింది. మిగిలినది నేను ఆ డబ్బాలోనే పోసి ఫ్రిజ్జులో పెట్టాను. మధ్యాహ్నం బిడ్డను పడుకోబెట్టి వంటింట్లోకి వచ్చేసరికి వియ్యపురాలు ఆ పప్పు వేడి చేసుకొని, తన అన్నంలో కలుపుకొని తింటూ ఉంది.

"వదినా, అది..." అన్నాను.

"హోటలుదే కదా వదినా. ఆ డబ్బానే కదా."

ఆ హోటలు పుట్టినప్పటినుంచీ పప్పు మొహం చూసి ఉండదు. ఆవాలు, ఎండుమిరప తిరగమాత కనిపిస్తూనే ఉంది. ఆమె కరివేపాకు ఒకటి తీసి ప్లేటు అంచున పెట్టింది.

"బాగా చేసినారు. ఇంగా ఉండాదా?"

"ఉండాది," అన్నాను. అంతకంటే ఏం చెప్పాలి?

సాయంత్రం చెప్తే మా అమ్మాయి యూనిఫారంలోనే కుర్చీలో కూలబడింది.

"ఏమనింది మా?"

"హోటలోళ్ళు బాగా చేసినారనింది."

పెద్దగా నవ్వింది. తర్వాత నవ్వాపి, "అంటే నాది తినినట్టా, హోటలుది తినినట్టా?" అని అడిగింది. నేను బిడ్డ గుడ్డలు మడతపెడుతూ ఉండిపోయాను.

అప్పటినుంచీ మా అమ్మాయి వండి డబ్బాల్లో నింపేది. షెడ్డులో పొయ్యి కాఫీకే మిగిలింది. ఒకసారి అల్లుడు, "పులిహోర చేసే హోటలు యాడుందిమా?" అని తల్లిని అడిగాడు. "నోరు మూసుకొని తిను నాయనా," అందామె. ఆదివారం హోటళ్ళు మాత్రం ఆగలేదు. ఇప్పుడు మాకే కావాలి. షిరాజ్ గొప్పదా, మస్కట్ గొప్పదా అని కారులో పోతూ వస్తూ వాదించుకునేవాళ్ళం. అంత సంతోషంగా ఉన్నా, పళ్ళెంలో అత్తకు వడ్డించే ధైర్యం మా అమ్మాయికి రాలేదు. అడిగితే ఉన్నది కూడా పోతుందని భయం. అలాగే మేమిద్దరం తిరిగి వచ్చేశాం.

మరుసటి ఏడు పిల్లలు సెలవుకు వచ్చారు. వియ్యపురాలిని ఆండర్సన్‌పేటకు భోజనానికి పిలిచాను. బూదికోట నుంచి వచ్చింది, మొదటిసారి మా గడప దాటి. మా అమ్మాయి పొద్దున్నే లేచి పప్పు, బీన్స్ పల్యం, చారు చేసింది. అన్నీ అయ్యాక నా చెవి దగ్గరికి వచ్చి, "మా, డబ్బాలు తెచ్చుకుంటివే, యాడ పెట్టినావు?" అంది.

"రవ్వ పోసినాను."

"ఖాళీ చేసియ్యి మా."

"ఇయ్యను. ఈ ఊర్లో తెల్లగుడ్డ పరిచే హోటలు యాడుండాది? గిన్నెలోనే ఎత్తుకొని పో."

ముఖం చిన్నబుచ్చుకొని గిన్నె పట్టుకొని పోయింది. నేను వాకిలి పక్కన నిలబడ్డాను. వియ్యపురాలు లేచి వెళ్ళిపోతే అది నా మొండితనం వల్లే.

వియ్యపురాలు గిన్నెను చూసింది. కోడలి చేతిలో గరిటెను చూసింది.

"ఏం చేసినావమ్మా?"

"పప్పు అత్తా. పల్యం, చారు."

"పెట్టు మరి. చల్లారిపోతుంది."

కలుపుకొని ఒక ముద్ద తినింది. రెండో ముద్ద నోటిదాకా తెచ్చి ఆపింది.

"ఉప్పు చాల్లేదు. వండేటప్పుడు రుచి చూసుకోవద్దా? మా ఇంట్లో ఇంత చప్పగా తినరు."

అన్నాళ్ళ హోటలు వంటల్లో ఆమె ఒక్కదానికీ వంక పెట్టలేదు. మా అమ్మాయి గబగబా వంటింట్లోకి వచ్చింది. ఉప్పు జాడీ ఎదురుగా ఉన్నా కనబడలేదు దానికి, నేనే తీసిచ్చాను.

"ఇదిగో అత్తా."

"నువ్వూ కూర్చో. ఆ చారు ఇట్లా తే."