మా సార్ ఛాతీ మీద చీమలు

ఆ రోజుల్లో రాయపూర్ ఇంజనీరింగ్ కాలేజీల్లో పరిశోధన చేసే ప్రతి మనిషికీ ఒక జంతువు ఉండేది. ఇంట్లో కాదు, లెక్కల్లో. వెయ్యి దారుల్లో మంచి దారి ఏదో కంప్యూటర్ చేత వెతికించాలంటే ఏదో ఒక ప్రాణి తిండి వెతుక్కునే తీరును అరువు తెచ్చుకునేవాళ్ళం. మా పై అంతస్తులో ఒకాయన తోడేళ్ళ మీద డాక్టరేటు పుచ్చుకున్నాడు (పాపం, ఆయనకి వీధికుక్కలన్నా భయమే). పక్క గదిలో ఒకావిడ గబ్బిలాలతో కరెంటు తీగల లెక్క తేల్చింది. ఎమ్.టెక్ అయిపోయి, ఉద్యోగం రాక, నేను ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరేసరికి మా గైడు సార్‌కి చీమలు మిగిలాయి. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వే క్వార్టర్లో పెరిగిన దాన్ని, చీమలు నాకేం కొత్త కాదనుకున్నాను.

పని చెబితే గొప్పగానే ఉండేది. ఊరి బయట సిల్తారా ఇనుము ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని జబ్బు చేస్తుంది. ఛాతీ ఎక్స్‌రే చూసి ఆ జబ్బుని కంప్యూటరే కనిపెట్టాలి. ఫిల్ములో ఎక్కడ చూస్తే జబ్బు తెలుస్తుందో మా చీమలు వెతుకుతాయి. లెక్కకి పనికొచ్చే చోటు దొరికిన చీమ అక్కడ వాసన వదిలి వస్తుంది, మిగతావి ఆ వాసన పట్టుకుని అక్కడికే చేరతాయి. జబ్బున్నవాళ్ళ ఫిల్ములు ఒక ఫ్యాక్టరీలో పెట్టిన వైద్య శిబిరం నుంచి తెచ్చాం. ఆరోగ్యవంతుల ఫిల్ములు మా కాలేజీ పిల్లలవి, చేరేటప్పుడు తీయించుకున్నవి. మా కంప్యూటర్ ముసలిది కాబట్టి బొమ్మలన్నిటినీ తపాలా బిళ్ళంత చేసి దానికి తినిపించాం. ఆ తర్వాత బొమ్మల మొహం చూసిన పాపాన ఎవరం పోలేదు, అంకెలే చూశాం. అంకెలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. ఒక్క ఫిల్మైనా తప్పితే ఒట్టు. సార్ నన్ను "బేటా" అని పిలవడం అప్పుడే మొదలుపెట్టారు. అంతకుముందు "ఏయ్ లడ్‌కీ" అనేవారు.

కళ్ళు నెత్తికెక్కాయంటారే, అదీ నా పరిస్థితి. కాలనీలో ఎవరు కనిపించినా "మా చీమలు డాక్టర్ల కంటే బాగా చూస్తాయి" అని చెప్పేదాన్ని. ఆ మాట విని మా బాబాయి వచ్చాడు. అమ్మ చెల్లెలి మొగుడు. శ్రీకాకుళం నుంచి వచ్చి, రైల్వేలో పని దొరక్క, సిల్తారాలో ఇనుము కాల్చే కొలిమి దగ్గర ఠేకేదారు (అంటే కాంట్రాక్టరు) కింద పనిచేసేవాడు. కొన్నాళ్ళుగా దగ్గు పట్టి వదలడం లేదు. సెలవు రోజున, పిన్ని తలంటు పోసి ఉతికిన చొక్కా వేసి పంపితే, ఊళ్ళో ఎక్స్‌రే తీయించుకుని ఆ కవరుతో తిన్నగా మా ల్యాబుకి వచ్చాడు.

"ఇదుగో పాపా, నీ సీమల్ని ఓపాలి తోలి సూడు" అన్నాడు.

తోలాను. పావుగంటలో జవాబు వచ్చింది: జబ్బు లేదు. "నీకేం లేదు బాబాయ్, మామూలు దగ్గు" అన్నాను, పాతికేళ్ళ అనుభవమున్న డాక్టరమ్మలాగ. బాబాయి మొహం వెలిగిపోయింది. దారిలో జిలేబీ కొని ఇంటికెళ్ళి, పిన్నితో "మన పాప మెషీన్ సూసినాది. నాకేటీ నేదట. ఇంక నువ్వు బెంగెట్టుకోకు" అని చెప్పాడట. మర్నాడు మామూలుగానే డ్యూటీకి పోయాడు. నేను ఆ ఫిల్మునీ ఆరోగ్యవంతుల లెక్కలో కలిపేశాను.

నాలుగు నెలలు గడిచాయి. ఢిల్లీ నుంచి పెద్దలు మా పని చూడటానికి వచ్చే ముందు, సార్‌కి ఒక ఆలోచన వచ్చింది. వాళ్ళ ఎదుట తన ఎక్స్‌రేనే పరీక్షకు పెట్టిస్తే దర్జాగా ఉంటుందని. ముందు ఒకసారి సరిచూద్దామని ఫిల్ము తెచ్చి ఇచ్చారు. మనిషి నిక్షేపంలా ఉండేవారు, మూడంతస్తులు ఒక్క ఊపులో ఎక్కేవారు, బిగ్గరగా నవ్వితే కారిడారు దద్దరిల్లేది. చీమలు ఏకగ్రీవంగా తేల్చాయి: జబ్బు ఉంది. మళ్ళీ తోలాను. ఉంది, బాగా ముదిరింది కూడా.

తన ప్రోగ్రాం తప్పు చెప్పిందని సార్‌కి తోచలేదు (నాకూ తోచలేదు, ఆయన చచ్చిపోతారనే తోచింది). ఆ సాయంత్రమే పాన్ మానేశారు, బిలాస్‌పూర్ నుంచి తమ్ముణ్ణి పిలిపించారు, నన్ను పిలిచి "బేటా, మేరే బాద్ ప్రాజెక్ట్ తుమ్ సంభాల్నా" అని, తన తర్వాత ప్రాజెక్టు నన్నే చూసుకోమన్నారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఎంత ఏడ్చినా, ప్రాజెక్టు నాకే వస్తుందన్న సంగతి మనసులో ఒక మూల కాస్త హాయిగానే ఉందని ఒప్పుకోవాలి.

రెండో రోజు ఆయన పెద్దాసుపత్రి నుంచి కోపంతో తిరిగొచ్చారు. డాక్టరు ఫిల్ము చూసి, ఊపిరితిత్తులు పసిపిల్లాడివిలా ఉన్నాయి, ఈ జబ్బు ఉందని చెప్పిన గాడిద ఎవరు అన్నాడట. "నీ చీమలు ఎక్కడ చేరాయో చూపించు" అన్నారు సార్. మొట్టమొదటిసారి బొమ్మని పెద్దది చేసి, చీమలు వాసన వదిలిన చోటుకి ఎర్రరంగు పూశాను. ఊపిరితిత్తుల వైపు ఒక్క చీమా పోలేదు. అన్నీ కలిసి ఛాతీ మధ్యన, సార్ వాళ్ళమ్మ కట్టిన వెండి బజరంగబలి లాకెట్ మీద మూగి ఉన్నాయి. తల్లి కట్టింది తీయనని ఆయన ఎక్స్‌రే వాడితో పోట్లాడి మరీ ఉంచుకున్నారట.

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే శిబిరం ఫిల్ములు తెరిచాను. అన్నిటిలోనూ అదే చోట గుండ్రటి తెల్లటి చుక్క. ఠేకా కూలీల ఇత్తడి బిళ్ళ. నంబరు కొట్టి ఇస్తారు, అది లేకపోతే గేటు దగ్గర లోపలికి రానివ్వరు, అందుకని తాడు కట్టి మెళ్ళో వేసుకుంటారు. డ్యూటీ మధ్యలో శిబిరానికి వరసలో నిలబెట్టినప్పుడు పోతుందన్న భయంతో ఎవరూ తీయలేదు, తీయమని ఎవరూ గట్టిగా చెప్పలేదు. మా కాలేజీ పిల్లల మెళ్ళో బిళ్ళ ఉండదు కదా. మా చీమలు కనిపెట్టింది జబ్బుని కాదు, బిళ్ళని. అప్పుడు బాబాయి గుర్తొచ్చాడు. ఆ రోజు సెలవు. బిళ్ళ ఇంట్లోనే ఉండిపోయి ఉంటుంది. నా నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

బాబాయి ఫిల్ము పెద్దాసుపత్రి డాక్టరుకి చూపిస్తే ఆయన అరనిమిషం చూశాడు. నాలుగు నెలల కిందటి ఫిల్ములోనే స్పష్టంగా ఉందన్నాడు. ఒకసారి పాడైన చోటు బాగుపడదు, దుమ్ముకి దూరంగా ఉంటే ముదరడం తగ్గుతుంది, అప్పుడే మానేసి ఉండాల్సింది అన్నాడు. ఆ నాలుగు నెలలూ బాబాయి కొలిమి పక్కనే ఉన్నాడు. పైగా దగ్గేవాళ్ళెవరైనా కనిపిస్తే "మా పాప కాడికి ఎల్లండి" అని చెబుతున్నాడు.

ఆ ఇంటికి ఎలా వెళ్ళానో నాకే తెలియదు. చీమలూ, బిళ్ళా, సార్ లాకెట్టూ, అన్నీ వరసగా చెప్పాను. పిన్ని వంటింటి గడపలో కూర్చుండిపోయింది.

"నువ్వు ఏడకు పాపా" అన్నాడు బాబాయి. "నీ కాడికి రాకముందే ఫేక్టరీ పక్కూరు ధర్సీవాలో డాక్టరు సూసినాడు. ఫోటో తీయించి పెద్దాసుపత్రికి ఎల్లు, కొలిమి పని ఒగ్గేయ్ అన్నాడు. ఒగ్గేత్తే ఏటి తింతాం. అందుకే ఫోటో అట్టుకుని నీ కాడికొచ్చినాను. నువ్వయితే ఏటీ నేదంతావని."

ఆ మాటతో నా తప్పు తగ్గలేదు, మరింత బరువైంది. బాబాయి ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు, చివరి రెండేళ్ళూ మంచం మీదే. నా మీద ఒక్కనాడూ కోపం చూపించలేదు, చూపిస్తే బాగుండేది.

ఇప్పుడు నేనే ఈ ఊళ్ళో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు కొత్త కొత్త ప్రోగ్రాములు తెచ్చి అంకెలు చూపిస్తే, అది బొమ్మలో ఎక్కడ చూస్తోందో ముందు చూపించమంటాను. నా వెనకాల నన్ను "కహాఁ దేఖా మేడమ్" (ఎక్కడ చూసింది మేడమ్) అంటారని తెలుసు, అననీ. వాళ్ళకి చీమల కథ చెబుతాను, బజరంగబలి దగ్గర అందరూ విరగబడి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఒక్క ముక్క మాత్రం చెప్పను. ఆ రోజు ల్యాబులో లెక్క నడుస్తున్నంతసేపూ బాబాయి నా పక్కనే కూర్చుని దగ్గుతున్నాడు. నాకు చిరాకేసి, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, "కాసేపు బయట కూర్చో బాబాయ్, ఇక్కడ పని జరుగుతోంది" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు, "అలాగేనమ్మా" అని లేచి వరండాలోకి పోయాడు. అప్పటి నన్ను, ఆ పిల్లని, తలుచుకుంటే ఇప్పుడు కోపం కూడా రాదు, చిన్న నవ్వే వస్తుంది. ఎంత శ్రద్ధగా పనిచేసేదో.